కొత్త తొట్టిలో తెల్లటి మసక: తేటపడే దాకా ఏం చేయాలి, ఏం చేయకూడదు

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. రెండడుగుల చేపల తొట్టి కొన్నారు. ఇసుక పరిచి, రాళ్ళు, ఒక దుంగ పెట్టి కుళాయి నీళ్ళు నింపారు. మొదటి రోజు తేటగా ఉన్న నీళ్ళు మూడో రోజుకు తెల్లగా మసకబారాయి. నీళ్ళన్నీ పారబోసి, తొట్టి కడిగి, ఫిల్టర్ స్పాంజ్‌ను కుళాయి కింద పిండి మళ్ళీ నింపారు. రెండు రోజుల్లో మళ్ళీ అదే మసక. ఇప్పుడు నీళ్ళు తేటపరిచే మందు పోయొచ్చా, నాలుగు గోల్డ్‌ఫిష్‌లను ఎప్పుడు వేయొచ్చు అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆ మందు పోయకండి. నీళ్ళు మళ్ళీ మార్చకండి, స్పాంజ్ మళ్ళీ పిండకండి. ఫిల్టర్‌ను రాత్రింబగళ్ళు ఆడనివ్వండి. చేపల్ని ఇంకా తేకండి. మీ తొట్టికి వచ్చిన కష్టమేమీ లేదండీ. దాదాపు ప్రతి కొత్త తొట్టీ ఈ దశ దాటుతుంది. మీరు కడిగిన ప్రతిసారీ అది మళ్ళీ మొదటికొస్తోంది, అంతే. ఎందుకో తెలిస్తే కంగారు పోతుంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు అది ఏ రకం మసకో తేల్చుకోవాలి. ఒక గాజు గ్లాసులో తొట్టి నీళ్ళు పట్టి, కదపకుండా రాత్రంతా ఉంచండి. పొద్దున్నకి అడుగున సన్నటి మడ్డి దిగి పైన నీళ్ళు తేరుకుంటే అది ఇసుక దుమ్ము. ఏమీ దిగకుండా అలాగే మసకగా ఉంటే బ్యాక్టీరియా. గ్లాసు వెనక తెల్ల కాగితం పెట్టి చూసినప్పుడు నీళ్ళు తేటగానే ఉండి లేత పసుపో గోధుమ రంగో కనిపిస్తే అది దుంగలోంచి దిగిన టానిన్ అనే రంగు పదార్థం. ఆకుపచ్చగా ఉంటే నీళ్ళలో తేలే నాచు. ఈ నాలుగింటికీ విరుగుడు వేరువేరు. ఒకదానికి చేయాల్సింది మరోదానికి చేయడం వల్లే చాలామందికి నెలలు గడిచినా నీళ్ళు తేటపడవు.

మీరు చెప్పిన తీరు బ్యాక్టీరియాదే. ఇసుక దుమ్మయితే నింపిన వెంటనే కనబడి, తరవాత తగ్గుతూ పోయేది. మొదట తేటగా ఉండి, మూడో రోజు మసకబారి, మార్చినా తిరిగి రావడం దుమ్ము లక్షణం కాదు. దుమ్ము సంగతి మాత్రం ముందే తెలిసి ఉంటే మంచిది: ఇసుకను సగం బకెట్ చొప్పున తీసుకుని, చేత్తో కలియబెడుతూ, పైకి తేలిన బురదనీళ్ళు వంపేస్తూ, వంపిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. సబ్బు తగలకూడదు. నింపేటప్పుడు ఇసుక మీద ఒక పళ్ళెం పెట్టి దాని మీద నెమ్మదిగా పోస్తే అడుగు లేవదు. మొక్కల కోసం అమ్మే ప్రత్యేకమైన మట్టిని మాత్రం కడగకూడదు, ముద్దయిపోతుంది.

ఇక మీ మసక. దుంగలోంచీ, రాళ్ళ సందుల్లోంచీ కంటికి కనబడని సేంద్రియ పదార్థం నీళ్ళలోకి దిగుతుంది. దాన్ని తిని బతికే బ్యాక్టీరియా గాలిలోనూ, నీళ్ళలోనూ, ప్రతి వస్తువు మీదా ఉంటుంది. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ పోయాక దానికి ఎదురుండదు. అనుకూలమైన నీళ్ళలో ఈ రకం గంటలోపే రెట్టింపు కాగలదు. అలా లెక్కలేనంతగా పెరిగి నీళ్ళలో తేలుతూ వెలుతురును చెదరగొడుతుంది, అదే మనకు తెల్లటి మసక. తిండి తరిగిపోయాక దానంతట అదే తగ్గుతుంది. మామూలుగా కొద్ది రోజుల్లో, ఒక్కోసారి రెండు వారాల దాకా పడుతుంది. నీళ్ళన్నీ మారిస్తే ఆ పూటకి మసక పోతుంది గానీ, ఇసుకలో మిగిలిన కొద్దిపాటి బ్యాక్టీరియా ఖాళీ అయిన చోటులో మళ్ళీ మొదటి నుంచి పెరుగుతుంది. మీకు రెండోసారి జరిగింది అదే. ఈ దశలో నీళ్ళలో ఆక్సిజన్ బాగా ఖర్చవుతుంది కాబట్టి గాలి రాయి (నీళ్ళలో బుడగలు వదిలేది) ఉంటే ఆడించండి, లేదా ఫిల్టర్ నీళ్ళు పైనుంచి పడి ఉపరితలం కదిలేలా పెట్టండి.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి రోజు నీళ్ళు తేటగా ఉన్నాయన్నారు కదా, ఆ రోజున మీరు చేపల్ని వేసి ఉంటే ప్రమాదంలో పడేవి. ఎందుకంటే చేపను చంపేది కంటికి కనబడదు. తేట నీళ్ళలో చేపలు పైకొచ్చి నోళ్ళు తెరవడం, ఒక్కొక్కటిగా పోవడం కొత్త తొట్లలో తరచూ జరిగేదే. “నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయి కదా” అంటారు పాపం. అమోనియాకు రంగు లేదు. తొట్టిలో హాని చేసే మోతాదుకు వాసన కూడా తెలియదు. అందుకే నీళ్ళ తేటదనాన్ని చూసి కాదు, కొలిచి చూసి నమ్మండి.

చేప తిన్న మేతలోని నత్రజనిలో ఎక్కువ భాగాన్ని మొప్పల ద్వారా అమోనియాగా వదిలేస్తుంది. తినకుండా మిగిలిన మేత, కుళ్ళిన ఆకు కూడా చివరికి అమోనియానే ఇస్తాయి. అది మొప్పల్ని దెబ్బతీస్తుంది. నీళ్ళ పీహెచ్, అంటే ఆమ్ల క్షార గుణాల కొలత, పెరిగే కొద్దీ విషం కూడా పెరుగుతుంది: 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమోనియాలో విషపూరితమైన రూపం ఒక శాతం కూడా ఉండదు, పీహెచ్ 8 అయితే సుమారు 5 శాతానికి చేరుతుంది. కాబట్టి నీళ్ళు పరీక్షించే కిట్‌లో ఒకే అంకె కనిపించినా ఒకరి తొట్టిలో చేపలు తట్టుకుంటాయి, మరొకరి తొట్టిలో చచ్చిపోతాయి.

ఈ అమోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైటూ విషమే. అది రక్తంలోకి చేరి హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మార్చేస్తుంది. నీళ్ళలో ఆక్సిజన్ ఉన్నా చేపకు ఊపిరి అందదు. ఇంకో రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ హాని చాలా తక్కువ, వారం వారం కొంచెం నీళ్ళు మారుస్తూ, మొక్కలు పెట్టుకుంటే అదుపులో ఉంటుంది. రెండో మెట్టు పని నైట్రోబాక్టర్ చేస్తుందని చాలా కాలం అనుకున్నారు. మంచినీటి అక్వేరియంలలో ఆ పని చేసేది నైట్రోస్పైరా అని 1998లో వెలువడిన పరిశోధన చూపింది. అమోనియా నుంచి నైట్రేట్ దాకా పనంతా ఒంటరిగా చేసుకుపోయే నైట్రోస్పైరా రకాలు కూడా ఉన్నాయని 2015లో తేలింది. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా కొనేటప్పుడు సీసా మీద నైట్రోస్పైరా పేరు ఉందో లేదో చూడమనేది అందుకే.

ఈ మేలు చేసే బ్యాక్టీరియా గురించి రెండు విషయాలు గట్టిగా గుర్తుంచుకోండి. ఒకటి, ఇది చాలా నెమ్మదిగా పెరుగుతుంది. మసక తెచ్చేది గంటలోపు రెట్టింపు కాగలిగితే, దీనికి దాదాపు ఒక రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. రెండు, ఇది నీళ్ళలో తేలదు. స్పాంజ్ రంధ్రాల్లో, ఇసుక రేణువుల మీద, రాళ్ళ మీద అంటుకుని బతుకుతుంది. కాబట్టి నీళ్ళు మార్చినందువల్ల దీనికి పెద్ద నష్టం లేదు. క్లోరిన్ ఉన్న కుళాయి కింద స్పాంజ్ పిండితే మాత్రం చాలావరకు పోతుంది. స్పాంజ్‌లో మురికి పేరుకుని నీళ్ళ ధార తగ్గినప్పుడు, తొట్టిలోంచి తీసిన నీళ్ళను ఒక బకెట్‌లో పెట్టుకుని అందులో రెండు మూడుసార్లు ముంచి మెల్లగా పిండితే చాలు. గోధుమ రంగు మరక పోనక్కర్లేదు, అందులోనే మీ బ్యాక్టీరియా ఉంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఈ బ్యాక్టీరియాను చేపలు లేకుండానే పెంచడం. ముందు ద్రవంతో పరీక్షించే కిట్ కొనండి: అమోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ నాలుగూ చూడగలిగేది. కాగితపు పట్టీలు త్వరగా అవుతాయి గానీ రంగు సరిగ్గా తేలదు, చాలా పట్టీల్లో అమోనియా ఉండనే ఉండదు. మసక తగ్గినా తగ్గకపోయినా ఈ పని మొదలుపెట్టొచ్చు. మీ తొట్టిలో ఇసుక, రాళ్ళు పోను సుమారు 55 లీటర్ల నీళ్ళుంటాయి. అందులో అమోనియం క్లోరైడ్ 0.33 గ్రాములు, అంటే గ్రాములో మూడో వంతు, కరిగిస్తే అమోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) దగ్గరికి వస్తుంది. సువాసన, సబ్బు కలిసిన అమోనియా శుభ్రపరిచే ద్రవాలు వాడకూడదు. చిటికెడు మేత రోజూ వేసి కుళ్ళనిచ్చే పద్ధతి కూడా ఉంది, అది పని చేస్తుంది కూడా. కానీ మీ సమస్యే సేంద్రియ పదార్థం కాబట్టి అది మసకను పెంచుతుంది, మీకు నేను చెప్పను.

మొదట్లో కొన్నాళ్ళు అమోనియా కదలదు. ఓపిక పట్టండి. తరవాత అది తగ్గడం మొదలై నైట్రైట్ పెరుగుతుంది. అమోనియా సున్నాకి దిగినప్పుడల్లా మళ్ళీ 2 పీపీఎంకి తీసుకురండి. నైట్రైట్ దశే అన్నిటికన్నా సాగదీస్తుంది. కిట్‌లోని ఆఖరి రంగు దగ్గర రోజుల తరబడి ఆగిపోతే సగం నీళ్ళు మార్చండి, ఇక్కడ మార్చడం తప్పు కాదు. చివరికి 2 పీపీఎం అమోనియా వేసిన 24 గంటల్లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించి నైట్రేట్ పెరిగితే ఫిల్టర్ సిద్ధమైనట్టే. మొత్తం నాలుగు నుంచి ఆరు వారాలు అనుకోండి. నీళ్ళు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే త్వరగా అవుతుంది.

మధ్యలో అంతా ఆగిపోయినట్టుంటే పీహెచ్ చూడండి. ఈ మార్పులో, పీహెచ్ పడిపోకుండా ఆపే నీళ్ళ క్షారగుణం ఖర్చవుతుంది: ఒక మిల్లీగ్రాము అమోనియా నత్రజనికి కాల్షియం కార్బొనేట్ లెక్కన 7 మిల్లీగ్రాములకు పైగా. మెత్తటి నీళ్ళలో అది త్వరగా అయిపోయి పీహెచ్ 6.5 కిందికి జారుతుంది, బ్యాక్టీరియా మందగిస్తుంది. 55 లీటర్లలో ఒకటిన్నర గ్రాముల తినే సోడా కరిగిస్తే కేహెచ్, అంటే ఆ క్షారగుణం కొలత, సుమారు ఒక డిగ్రీ పెరుగుతుంది. చేపలు లేని తొట్టి కాబట్టి ఇప్పుడు ఇది ధైర్యంగా చేయొచ్చు. చేపలున్నప్పుడు పీహెచ్‌ను ఒక్కసారిగా పెంచకూడదు.

ఈ ఎదురుచూపు తగ్గించే దారి ఒకటుంది. మీకు తెలిసినవాళ్ళ దగ్గర ఏళ్ళ తరబడి బాగా నడుస్తున్న తొట్టి ఉంటే, వాళ్ళ ఫిల్టర్‌లోని స్పాంజ్ ముక్కో, సిరామిక్ గుళికలు కొన్నో అడిగి తెచ్చుకోండి. పాలకు తోడు వేసినట్టే ఇది. తడి ఆరకుండా ఆ తొట్టి నీళ్ళలోనే తెచ్చి, వెంటనే మీ ఫిల్టర్‌లో పెట్టండి. వారాల పని రోజుల్లోకి రావచ్చు. అయితే ఆ తొట్టిలో చేపలు జబ్బు లేకుండా ఉన్నాయని రూఢి చేసుకోండి, తోడుతో పాటు జబ్బు కూడా వస్తుంది.

కుళాయి నీళ్ళ విషయం. మీ నీళ్ళలో ఉన్నది మామూలు క్లోరిన్ అయితే ఒక రోజు బకెట్‌లో గాలి ఆడిస్తూ ఉంచితే పోతుంది. కొన్ని సరఫరాల్లో క్లోరిన్, అమోనియా కలిసిన క్లోరమైన్ వాడతారు, అది అలా ఎగిరిపోదు. నీళ్ళ కండిషనర్ (క్లోరిన్‌ను విరిచే ద్రవం) రెండింటికీ పని చేస్తుంది. సోడియం థయోసల్ఫేట్ మాత్రమే ఉన్న కండిషనర్ క్లోరమైన్‌ను విడగొట్టి అమోనియాను వదిలేస్తుంది కాబట్టి, క్లోరమైన్ ఉన్నచోట అమోనియాను కూడా బంధించే రకం తీసుకోండి. నీళ్ళు మార్చే ప్రతిసారీ ఇది తప్పనిసరి.

ఇక మిలమిల మెరిసే తేటదనం ఎలా వస్తుందంటారా, అది ఫిల్టర్‌లో వస్తువులు పేర్చే వరసలో ఉంది. నీళ్ళు ముందు ముతక స్పాంజ్‌లోంచి, తరవాత సన్న స్పాంజ్‌లోంచి, ఆ తరవాత బ్యాక్టీరియా ఉండే సిరామిక్ గుళికల్లోంచి, ఆఖరికి తెల్లటి ఫిల్టర్ దూదిలోంచి పోవాలి. సన్నటి రేణువుల్ని పట్టేది ఆ దూదే. దాన్ని మురికి పట్టగానే పారేసి కొత్తది పెట్టొచ్చు, బ్యాక్టీరియా దానికి ముందున్న గుళికల్లో భద్రంగా ఉంటుంది. మీ తొట్టికి గంటకు 250 నుంచి 300 లీటర్ల నీళ్ళు తిప్పే ఫిల్టర్ చాలు. ధార మరీ ఎక్కువైతే చేపలు ఈదలేక అలసిపోతాయి. గాలితో నడిచే స్పాంజ్ ఫిల్టర్ చేపల ఆరోగ్యానికి చాలా మంచిది, నాకు అది ఇష్టం. కానీ అదొక్కటే ఉంటే నీళ్ళలో సన్నటి నలుసులు కొన్ని మిగులుతాయి.

మీరు అడిగిన తేటపరిచే మందు చేసేది నలుసుల్ని ఒకదానికొకటి అంటించి, ముద్దలుగా చేసి ఫిల్టర్‌కి అందించడం. ఇసుక దుమ్ముకి ఒకసారి వాడుకోవచ్చు. బ్యాక్టీరియా మసకకు వాడితే ఆ ముద్దలు కుళ్ళి మళ్ళీ తిండి అవుతాయి, మోతాదు మించితే చేపల మొప్పలకూ అంటుకుంటాయి. పటిక వేయమని ఎవరైనా చెబుతారేమో, అసలే వద్దు. పటిక నీళ్ళ క్షారగుణాన్ని తినేసి పీహెచ్‌ను దించుతుంది, ఆమ్లగుణం పెరిగిన నీళ్ళలో అల్యూమినియం చేపలకు విషం.

దుంగ వల్ల పసుపు రంగు వస్తే భయపడకండి, టానిన్ చేపలకు హాని చేయదు. రంగు నచ్చకపోతే దుంగను మరిగే నీళ్ళలో ఉడికించి, వారం పది రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టండి, లేదా ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి. కార్బన్ కొన్ని వారాల్లో నిండిపోతుంది, అప్పుడు తీసేయాలి. దుంగ మీద జిగురుగా తెల్లటి బూజు వస్తే పాత టూత్‌బ్రష్‌తో రుద్దేయండి. కొద్ది వారాల్లో రావడం మానేస్తుంది.

ఆకుపచ్చ నీళ్ళు వేరే కథ. అది ఎక్కువ వెలుతురు, నీళ్ళలో మిగిలిన పోషకాల వల్ల వస్తుంది. తొట్టిని ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టకండి. లైటు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. మనకు గుర్తుండదు, టైమర్ పెట్టేయండి. వచ్చాక నీళ్ళు మార్చి లాభం లేదు. లైటు ఆపి, తొట్టి చుట్టూ దుప్పటి కప్పి మూడు నాలుగు రోజులు చీకట్లో ఉంచి, గాలి ఆడిస్తూ, తరవాత సగం నీళ్ళు మార్చండి. అయినా తిరిగొస్తుంటే యూవీ దీపం ఉన్న ఫిల్టర్ దాన్ని పూర్తిగా తుడిచిపెడుతుంది.

మొక్కలు ఇప్పుడే పెట్టేయండి, చేపల కోసం ఆగక్కర్లేదు. వేగంగా పెరిగే హార్న్‌వర్ట్, వాలిస్నేరియా, పైన తేలే అంతరతామర లాంటివి అమోనియాను నేరుగా తీసుకుంటాయి, నాచుకు మిగలనివ్వవు. అనూబియాస్, జావా ఫెర్న్ తక్కువ వెలుతురులో బతుకుతాయి గానీ వాటి దుంపకాడను ఇసుకలో పాతకూడదు, కుళ్ళిపోతుంది. దుంగకు దారంతో కట్టండి. ఒక్క మాట, తొట్టి పెట్టిన బల్ల గట్టిదేనా? నీళ్ళు, ఇసుక, రాళ్ళు, అద్దం కలిపి బరువు 80 కిలోల దాకా ఉంటుంది. మట్టం సరిగ్గా లేకపోతే అద్దం అతుకుల మీద ఒత్తిడి పడుతుంది. ఇప్పుడే చూసుకోండి, చేపలు వచ్చాక జరపడం కష్టం.

గోల్డ్‌ఫిష్ గురించి మీకు నచ్చని మాట చెప్పాలి. రెండడుగుల తొట్టిలో నాలుగు గోల్డ్‌ఫిష్ వద్దండీ. అవి బాగా తింటాయి, బాగా విసర్జిస్తాయి, గుండ్రటి ఒళ్ళున్న రకాలే సుమారు 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి, పొడవాటి రకాలు 20 దాటుతాయి. ఇంత చిన్న తొట్టిలో వాటితో నీళ్ళు తేటగా ఉంచడం రోజూ యుద్ధమే. గోల్డ్‌ఫిష్ కావాలనే ఉంటే పెద్ద తొట్టి వచ్చేదాకా ఆగండి. ఈ తొట్టికి గప్పీలు, ప్లాటీలు, లేదా చిన్న టెట్రాలు, రాస్బోరాల గుంపు చక్కగా సరిపోతాయి. గప్పీలు మగవి మాత్రమే తీసుకోండి, లేకపోతే కొన్ని నెలల్లో తొట్టి నిండిపోతుంది.

ఫిల్టర్ సిద్ధమయ్యాక, చేపలు తెచ్చే ముందు రోజు సగానికి పైగా నీళ్ళు మార్చి నైట్రేట్ తగ్గించండి. టెట్రాల్లాంటి గుంపు చేపలు ఒక గుంపు, లేదా గప్పీలు నాలుగైదు, అంతే తెచ్చుకోండి మొదట. సంచిని 15, 20 నిమిషాలు తొట్టి నీళ్ళ మీద తేలనిచ్చి, తరవాత సంచిలోకి కొద్దికొద్దిగా తొట్టి నీళ్ళు కలుపుతూ అలవాటు చేసి, చేపల్ని వలతో తీసి వేయండి. సంచిలో నీళ్ళు తొట్టిలో పోయకండి. ఆ రోజుకి లైటు వేయకండి, మేత మర్నాడే. మేత రోజుకొక్కసారి, రెండు నిమిషాల్లో అవి పూర్తిగా తినేంత. మిగతా చేపలు రెండు వారాల తరవాత. వారానికొకసారి పావు వంతు నీళ్ళు మారుస్తూ, నైట్రేట్ 40 పీపీఎం దాటకుండా చూసుకోండి.

చేపలు వేసిన మూడు నాలుగు రోజుల్లో మళ్ళీ పలచటి మసక కనిపించొచ్చు. అప్పుడు కూడా స్పాంజ్ జోలికి పోకండి. మేత ఒక రోజు ఆపి, అమోనియా, నైట్రైట్ కొలవండి. రెండూ సున్నా ఉంటే ఏమీ చేయక్కర్లేదు, దానంతట అదే తేటపడుతుంది. ఏదైనా 0.25 పీపీఎం దాటితే కండిషనర్ కలిపిన నీళ్ళతో, తొట్టిలోని వేడికి సమానంగా చూసుకుని, మూడో వంతు మార్చండి. అంకె సున్నాకి దిగేదాకా రోజూ అలాగే చేయండి.